లైసెన్సు తుపాకీ ఉన్నోని కష్టసుఖాలు



మక్క కంకి పాలు పోసుకునే టైముకు మన దిక్కు ప్రతి ఊర్ల ఒకటే ముచ్చట: పందులు. చాయ్ హోటల్ కాడ కూర్చున్నా, ఎరువుల దుకాణం కాడ నిలబడ్డా అదే. ఆ ముచ్చట నడిచినప్పుడల్ల ఎవరో ఒకరు నా దిక్కు చూసి "నీకేందే, ఇంట్ల తుపాకీ ఉంది" అంటరు. తుపాకీ ఉంటే ఏమైతది, ఏమి కాదు, దాన్ని ఎట్ల చూసుకోవాలె, చట్టం ఏమంటది అన్నది చాలమందికి తెల్వదు. నాకు తెలిసినంత రాస్తున్న. పొడుగు పోస్టే, ఓపికగ చదవండి.

మాది జనగామ జిల్లాల గుట్టల పక్కన ఊరు. ఇంట్ల ఉన్నది ఒంటి గొట్టం భర్మార్. అంటే మూతి నుంచి మందు పోసి, కడ్డీతోని కూరి, వెనుక చిన్న టోపీ పెట్టి కొట్టే పాత రకం తుపాకీ. పంట కాపలా కోసం 1979ల మా నాయినకు లైసెన్సు ఇచ్చిండ్రు. ఆయన కాలం చేసినంక 2004ల నా పేరు మీదికి వచ్చింది.

రైతుకు తుపాకీ ఏంది అని నవ్వేటోళ్లు ఉంటరు. 1959 నాటి ఆయుధాల చట్టంల 13వ సెక్షన్ చూడండి. నిజంగ పంట కాపాడుకునేటందుకు భర్మార్ కావాలంటే లైసెన్సు ఇయ్యొచ్చని అండ్ల రాసి ఉంది. భర్మార్ సరిపోదని అధికారికి అనిపిస్తే, 20 అంగుళాలకు తక్కువ కాని గొట్టం ఉన్న వేరే తుపాకీకి కూడ ఇయ్యొచ్చు. అంటే చట్టం రాసినోళ్లకు చేను, పంది, రైతు గుర్తున్నరు. గాని అదే చట్టం చేతులు కట్టేసే మాటలు కూడ శానా రాసింది. వాటి గురించి తర్వాత చెప్త.

ముందుగాల దాన్ని చూసుకునే పని. నిజం చెప్పాలంటే నాకు ఇష్టమైంది ఇదే. కొందరికి పావురాలు, కొందరికి కోళ్లు, మా పక్కింటాయనకు పాత రేడియోలు. నాకు ఇది. కాల్చింది చాల తక్కువ. తుడిచింది మాత్రం ఇరవై ఏండ్ల నుంచి తుడుస్తనే ఉన్న.

నల్ల మందుకు ఒక గుణం ఉంది. కాలినంక గొట్టంల మసి మిగులుతది. ఆ మసి గాలిల తేమను పీల్చుకుంటది. ఒక్క రాత్రి వదిలిపెడితే తెల్లారేసరికి ఇనుము తుప్పు పట్టుడు మొదలైతది. కాబట్టి కాల్చిన నాడే కడగాలె. కిరోసిన్‌తోని ఈ మసి పోదు. దీనికి మందు వేడి నీళ్లే. గొట్టం విప్పి, కడ్డీకి గుడ్డ చుట్టి, వేడి నీళ్లతోని రుద్దితే నల్ల నీళ్లు వస్తయి. తెల్ల నీళ్లు వచ్చేదాక రుద్దాలె. వేడి నీళ్లే ఎందుకంటే, గొట్టం వేడెక్కి తేమ తొందరగ ఆరిపోతది. ఆరినంక పల్చగ నూనె. ఎక్కువ పూస్తే దుమ్ము పట్టి జిగురు అయితది, టోపీ పెట్టే బొడిపె రంధ్రం పూడుకుంటది.

కట్టె కుందాకు ఏడాదికి రెండుసార్లు అవిసె నూనె రుద్దుత. ఎండకాలం కట్టె గుంజుకుంటది, వానకాలం ఉబ్బుతది. బండి నొగలకు, నాగలికి నూనె పెట్టిన చేతులకు ఇది కొత్త పని కాదు. వానకాలం పదిహేను రోజులకోసారి తీసి పొడిగుడ్డతోని తుడిచి మళ్ల నూనె చేయి పెట్టాలె. మా ఇంటామె చూసి "చేన్ల కలుపు మీద ఇంత పాణం పెడితే ఇంకో రెండు బస్తాలు పండు" అంటది. మాట నిజమే. కాని ఆ గంటసేపు మనసు నిమ్మలంగ ఉంటది. అప్పులు, వడ్డీలు, మార్కెట్ ధర యాదికి రావు. గుర్రం వెనక్కి గుంజితే లోపలి స్ప్రింగు మెత్తగ పలికే చప్పుడు వింటే, ఎప్పుడో ఏ కార్ఖానల ఎవరో కూర్చొని ఆకురాయి పట్టిన పనితనం తెలుస్తది. మన దేశంల ఈ పనికి పెట్టింది పేరు బీహార్ల ముంగేర్. బెంగాల్ నవాబు మీర్ కాసిం 1762ల రాజధానిని ముంగేర్‌కు మార్చి, అక్కడ తుపాకుల కార్ఖాన పెట్టిండు. ఇప్పటికి కూడ ఆ ఊర్ల లైసెన్సు ఉన్న కార్ఖానలు ఉన్నయి. లైసెన్సు లేని దొంగ కార్ఖానలు కూడ ఉన్నయి, పేపర్ల పట్టుబడ్డ వార్తలు చూస్తనే ఉంటం.

పన్నెండు బోరు అనే మాట అందరు అంటరు గాని అర్థం కొందరికే తెలుసు. గొట్టం లోపలి సైజుకు సరిగ్గ పట్టే సీసం గుండ్లు పన్నెండు చేస్తే వాటి బరువు ఒక పౌను, అంటే 453 గ్రాములు. అదీ పన్నెండు బోరు. అంకె పెరిగినకొద్ది గొట్టం సన్నగైతది. అందుకే పదహారు బోరు కన్న పన్నెండు బోరు లావు.

ముట్టుకునేటప్పుడు నాయిన పెట్టిన పద్ధతులే నావి. తుపాకీ చేతికి తీసుకుంటే, అండ్ల మందు ఉంది అనుకొనే తీసుకోవాలె. నిన్న నువ్వే ఖాళీ చేసి పెట్టినా సరే. భర్మార్ల మందు ఉందా లేదా బయటికి కనబడదు. అందుకే కడ్డీ మీద గీత పెట్టుకున్నం. ఖాళీ గొట్టంల కడ్డీ ఆ గీత దాక దిగుతది. గీత పైకి ఉంటే లోపల ఏదో ఉన్నట్టే. మూతి ఎప్పుడు మనిషి దిక్కు, పశువు దిక్కు, ఇంటి దిక్కు ఉండొద్దు. మందు ఒక కాడ, టోపీలు ఒక కాడ, తుపాకీ ఇంకో కాడ. మందు వంటింటి దరిదాపుల ఉండొద్దు. బీరువ తాళంచెవి నాయిన మొలతాడుకు కట్టుకునేటోడు. నేను కూడ అంతే.

రిపేరు సంగతి. తుడుచుడు, నూనె పెట్టుడు వరకే నా పని. గుర్రం స్ప్రింగు విరిగినా, బొడిపె అరిగినా, గొట్టం నెరిసినా లైసెన్సు ఉన్న ఆర్మరీకే తీసుకపోవాలె. 5వ సెక్షన్ ప్రకారం తుపాకీ తయారు చేసుడే కాదు, రిపేరు చేసుడుకు కూడ వేరే లైసెన్సు కావాలె. 2019ల చట్టం సవరించినంక, లైసెన్సు లేకుంట తయారు చేసినా, రిపేరు చేసినా ఏడేండ్లకు తక్కువ కాకుంట, యావజ్జీవం దాక శిక్ష పడొచ్చు. మన ఊర్ల కమ్మరి అన్నలు నాగలి కర్రు సాగదీసినంత సులువుగ స్ప్రింగు చేసిస్తరు, నాకు తెలుసు. వాళ్ల చేతుల అంత పనితనం ఉంది. కాని "జర చూసిపెట్టరాదే" అని మనం అడిగే ఒక్క మాటకు ఆయన ఇల్లు మునుగుతది. అందుకే అడగొద్దు. నన్ను కూడ కొందరు పిల్లలు అడిగిండ్రు, "కాకా, మా కాడ ఒక పాతది ఉంది, పడుతలేదు, చూస్తవా" అని. చూడ అని చెప్పిన. లైసెన్సు లేని నాటు తుపాకీ ఇంట్ల ఉంచుకున్నందుకే రెండేండ్ల నుంచి ఐదేండ్ల దాక జైలు ఉంది. పోలీస్ స్టేషన్ల అప్పజెప్పి బయటపడమని చెప్పి పంపిన.

మన ప్రాంతంల తుపాకీ అంటే ఉత్త ఇనుప వస్తువు కాదు. దానికి పెద్ద కథ ఉంది. 1946 జులై 4న కడవెండిల విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు కాల్చిన తూటాకే దొడ్డి కొమురయ్య పాణం విడిచిండు. ఆనాడు తుపాకీ గడీల ఉండేది, మన తాతల చేతుల వడిసెల, గుతుప ఉండేటివి. రెండేండ్లకు, 1948 ఆగస్టు 27న బైరాన్‌పల్లిల ఊరోళ్లు బురుజెక్కి నాటు తుపాకులతోని రజాకార్లకు ఎదురు నిలబడ్డరు. అక్కడ ఎంతమంది పోయిండ్రో ఆ ఊరి స్తూపం చెప్తది. ఇప్పుడు బైరాన్‌పల్లి సిద్దిపేట జిల్లాల ఉంది గాని, ఆనాడు మన జనగామ తాలూకనే.

తర్వాత అన్నల కాలం వచ్చింది. లైసెన్సు తుపాకీ ఇంట్ల ఉంటే దళమోళ్లు వచ్చి అడిగేది. ఇస్తే పోలీసులతోని బాధ, ఇయ్యకుంటే వాళ్లతోని బాధ. అందుకే మన దిక్కు లైసెన్సు ఉన్నోళ్లు శానామంది స్టేషన్ల డిపాజిట్ చేసిండ్రు. మా నాయిన కూడ చేసిండు. కొన్నేండ్లు మా తుపాకీ మా ఇంట్ల లేదు. నాయిన అప్పుడు అన్న మాట నాకు ఇప్పటికి యాదికుంది: "అది ఇంట్ల లేకుంటే నిద్ర మంచిగ పడుతుందిరా." వాపస్ తెచ్చుకున్ననాడు గొట్టం లోపల ఎర్ర తుప్పు. దాన్ని వదిలించుడుకు నాయిన, నేను నాలుగు రోజులు కూర్చున్నం. తుపాకీ శుభ్రం చేసుడు నేను నేర్చుకున్నది ఆ నాలుగు రోజులే.

ఇప్పుడు అసలు సంగతికి వస్తున్న.

నా బావమరిదిది మహబూబాబాద్ జిల్లాల గూడూరు దిక్కు. ఈ వానాకాలం రెండున్నర ఎకరాల మక్క పెట్టిండు. పాకాల అడివి దగ్గర. ఒక్క రాత్రిల పందుల మంద పడి అర ఎకరం నేలమట్టం చేసింది. తిన్నది తక్కువ, తొక్కింది ఎక్కువ. తక్కువల తక్కువ 11 క్వింటాళ్లు పోయింది. 2025-26ల ఉన్న 2,400 మద్దతు ధర లెక్క చూసుకున్నా 26 వేల చిల్లర. కౌలు, యూరియా, కూలీలు పెట్టినోనికి ఆ 26 వేలు అంటే ఏందో మీకు చెప్పనవసరం లేదు. తెల్లారంగనే ఫోన్ చేసిండు. "బావా, ఒక్క రాత్రికి తుపాకీ ఇయ్యరాదే. ఒక్కదాన్ని కొడితే మంద మళ్ల రాదు."

ఇయ్య అన్న.

ఆయన కోపం న్యాయమైందే. సొంత బావ, ఇంట్ల తుపాకీ, కండ్ల ముందు పంట పోతుంది. "నీ తుపాకీ తుడుసుకుంట కూర్చో" అని పెట్టేసిండు. మా ఇంటామె రెండు రోజులు నాతోని సక్కగ మాట్లాడలే, ఆమె తమ్ముడాయె. అయినా ఎందుకు ఇయ్యలేదో చెప్త, ఇది మీలో ఎవరికైన రేపు ఎదురు కావొచ్చు.

మొదటిది, లైసెన్సు తుపాకీకి కాదు, మనిషికి. లైసెన్సు ఉన్న నేను పక్కన లేకుంట ఇంకోని చేతుల అది ఉంటే ఆయన మీద కేసు, ఇచ్చినందుకు నా మీద కూడ కేసు. రిపేరుకో, రెన్యువల్‌కో వేరేటోళ్లు పట్టుకపోవాలన్నా నేను రాసి ఇచ్చిన కాయితం ఉండాలె.

రెండోది, పంట కాపలా లైసెన్సు ఏ ఏరియాకు ఇస్తే ఆ ఏరియాకే. జనగామ చేనుకు ఇచ్చింది గూడూరు చేనుకు పనికి రాదు. నేనే పట్టుకొని పోయినా తప్పే.

మూడోది చాలమందికి తెల్వంది. తుపాకీ లైసెన్సు వేరు, పందిని కొట్టే పర్మిషన్ వేరు. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అడివి పందిని ఊకెనే చంపొద్దు. 11వ సెక్షన్ కింద, పంటకు నష్టం చేస్తుందని తేలితే చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గాని, ఆయన అధికారం ఇచ్చిన ఆఫీసర్ గాని రాతపూర్వకంగ పర్మిషన్ ఇయ్యాలె. మన రాష్ట్రంల సర్పంచులకు గౌరవ వైల్డ్‌లైఫ్ వార్డెన్ హోదా ఇచ్చి ఈ పని ఊరి దగ్గరికి తెచ్చే పద్ధతి కూడ పెట్టిండ్రు. అందుకే కంకి వచ్చినంక కాదు, విత్తనం పెట్టినప్పుడే పది మంది రైతులు కలిసి పంచాయతీల, ఫారెస్ట్ ఆఫీసుల దరఖాస్తు ఇచ్చి పెట్టుకోవాలె. పాకాల, ఏటూరునాగారం లాంటి అభయారణ్యాలకు పది కిలోమీటర్ల లోపల ఉన్న ఊర్లల్ల లైసెన్సు ఉన్నోళ్లు అటవీ శాఖ కాడ కూడ నమోదు చేసుకోవాలె. 34వ సెక్షన్ అదే చెప్తది.

నాలుగోది చట్టం కాదు. రాత్రి పూట, మక్క చేన్ల, మనిషి ఎత్తు పైరుల ఏది కదిలినా పందే అనిపిస్తది. పక్క చేనోడు కూడ కాపలాకే వచ్చి ఉంటడు. ఎన్నడు తుపాకీ పట్టని మనిషి, పంట పోయిన కోపంల, చీకట్ల. ఇది చాలు ఒక ఇల్లు కూలుడుకు. 11 క్వింటాళ్ల మక్క వచ్చే ఏడు మళ్ల పండుతది.

ఇయ్య అని ఊకోలేదు. ఆ సాయంత్రమే టార్చిలైటు, చద్దరు పట్టుకొని గూడూరు పోయిన. ఆయన మొహం తిప్పుకొనే ఉన్నడు. మంచె మీద ఇద్దరం తొమ్మిది రాత్రులు కూర్చున్నం. రేకు డబ్బా కొట్టుడు, మంట పెట్టుడు, గంటకోసారి గట్ల మీద తిరుగుడు. మంద మళ్ల రెండుసార్లు వచ్చింది, చప్పుడుకు తిరిగి పోయింది. మిగిలిన రెండెకరాలు ఇంటికొచ్చింది. బావమరిది ఇప్పుడు మాట్లాడుతుండు, పండుగకు వస్తుండు. తుపాకీ మాట మాత్రం ఎత్తడు. నేను కూడ ఎత్త.

తుపాకీ దొరకనోళ్లు ఏం చేస్తున్నరో కూడ చూస్తున్నం. కరెంటు తీగలు. మా బిడ్డనిచ్చింది భూపాలపల్లి జిల్లాల, కాటారం దిక్కు. 2024 ఫిబ్రవరిల ఆ కాటారం మండలం అడివిల వేటగాళ్లు జంతువులకు పెట్టిన కరెంటు తీగ తగిలి ఒక గ్రేహౌండ్స్ కమాండో పాణం పోయింది. అడివిల నడుచుడు నేర్చిన మనిషికే కనబడలేదు. ఇగ పొద్దుగాల నీళ్లు చూసుకునేటందుకు పోయే రైతుకు, బర్లు కాసే పిల్లగానికి ఏం కనబడతది? తీగకు పందో మనిషో తెల్వదు. అది పెట్టినోడు ఇంట్ల పండుకుంటడు, ఆపేటోడు అక్కడ ఉండడు. సోలార్ ఫెన్సింగ్ వేరు. అది ఆగి ఆగి చిన్న షాకు ఇచ్చి ఎల్లగొడతది, చంపదు. లైను నుంచి తీగ గుంజుడు మాత్రం ఖూనీతోని సమానం.

ఇంకోటి కార్బైడ్ తుపాకులు. కోతులకు, పందులకు చప్పుడు కోసం ప్లాస్టిక్ పైపుతోని చేసుకుంటున్నరు. అది ఆట వస్తువు లెక్క కనబడతది గాని, లోపల తయారయ్యేది వెల్డింగుకు వాడే గ్యాసే. 2025 దీపావళికి భోపాల్‌ల, చుట్టుపక్కల ఈ పైపు తుపాకులు పేలి ఎందరో పిల్లల కండ్లు దెబ్బతిన్నయి. పేలలేదేంది అని పైపుల తొంగి చూసినప్పుడే ఎక్కువ ప్రమాదం. ఇంట్ల పిల్లలు ఉన్నోళ్లు దాన్ని ఇంటికి తేవొద్దు.

చుట్టు ఆముదం సాలు, పల్లికి చుట్టు ముండ్ల కుసుమ సాలు, పాత చీరెలు, సెలూన్ల వెంట్రుకలు. ఇవి పూర్తిగ ఆపవు, తగ్గిస్తయి. అన్ని కలిపి, పక్కపక్క రైతులందరు ఒక్కసారే చేస్తే పని చేస్తయి. ఒక్కడు చేస్తే మంద పక్కోని చేన్ల పడతది.

లైసెన్సు తీసుకోవాలె అనుకునే తమ్ముళ్లకు ఒక మాట. కమిషనరేట్ ఉన్నకాడ కమిషనర్, లేనికాడ కలెక్టర్ ఇస్తరు. ఇప్పుడు ఐదేండ్లకోసారి రెన్యువల్. ఒక్క మనిషికి రెండు తుపాకులకు మించి ఉండొద్దు. ఎలక్షన్ వచ్చినప్పుడల్ల స్టేషన్ల అప్పజెప్పాలె. 2023 నవంబర్ అసెంబ్లీకి, 2024 మే పార్లమెంటుకు రెండుసార్లు ఇచ్చిన, తెచ్చుకున్న. మందు, టోపీలు లైసెన్సు మీదనే, లెక్క మీదనే. షోకుకు కావాలంటే మాత్రం వద్దు. కాల్చుడు మీద ఇష్టం ఉన్న పిల్లలు హైదరాబాద్ గచ్చిబౌలి రేంజికి పోయి నేర్చుకోండి. హైదరాబాద్ పిల్ల ఈషా సింగ్ హాంగ్‌జౌ ఆసియా క్రీడలల్ల నాలుగు మెడల్స్ తెచ్చింది. అది సోకు, ఆట, పేరు అన్ని.

కర్ణాటకల కొడగు అని ఒక జిల్లా ఉంది. అక్కడి కొడవలకు తుపాకీ లైసెన్సు నుంచి మినహాయింపు ఉంది. నాట్లు అయిపోయినంక కైల్‌పోల్దు పండుగ నాడు నాగలి, కొడవలి పక్కన తుపాకీ పెట్టి పూజ చేస్తరు. మనం దసరాకు కొడవలికి, ట్రాక్టర్‌కు బొట్టు పెట్టినట్టే. నేను కూడ పెడుత. పెట్టి మళ్ల బీరువల పెట్టి తాళం వేస్త.

నా పేరు మీదికి వచ్చి 2029కి 25 ఏండ్లు నిండుతయి. 2016 రూల్స్ ప్రకారం అప్పుడు వారసుని పేరు మీదికి మార్చొచ్చు. కొడుకును అడిగిన. "బాపూ, నీకు తుడుచుడు ఇష్టం, నాకు ఆ ఓపిక లేదు" అన్నడు. సక్కగ చెప్పిండు. తుడిచే ఓపిక లేనోనికి అది ఉండొద్దు. అడిగినోనికి లేదు అని చెప్పే ధైర్యం లేనోనికి అసలే ఉండొద్దు. అప్పటికి కూడ వాడు వద్దంటే, పద్ధతి ప్రకారం అప్పజెప్పి రసీదు తీసుకుంట.

యాసంగి మక్క పెట్టినోళ్లు ఇప్పటినుంచే పది మంది కలిసి దరఖాస్తు ఇచ్చుకోండి. తీగలు పెట్టినోళ్లు ఎవరన్న తెలిసినోళ్లుంటే, పోలీసులకు చెప్పే ముందు ఒకసారి పోయి మీరే చెప్పి తీపియ్యండి. వినకుంటే చెప్పండి. మీ ఊర్లల్ల పందులకు ఏది పని చేస్తుందో రాయండి, నలుగురికి ఉపయోగపడతది.

ఉంట. జై కిసాన్.